నచ్చిన పాటకు పూచీ పడదాం

నమస్కారం. ఇవాళ నా మనసుకి బాగా దగ్గరైన విషయం మాట్లాడబోతున్నాను. కాస్త తీరిగ్గా కూర్చోండి.

మా ఇంట్లో మొదటిసారి పాటల కచేరీ పెట్టించిన రోజు సంగతి చెబుతాను. హాల్లో సోఫాలు పక్కకి జరిపి, ఉన్న కుర్చీలన్నీ వేసి, చాలనివాళ్ల కోసం కింద దుప్పట్లు పరిచాం. ఇరవై మందికి పైనే వచ్చారు. పాడే అమ్మాయి గిటారు శ్రుతి చేసుకుని పల్లవి ఎత్తుకుంది. నాలుగు మాటలు పాడి ఆగిపోయింది. వంటింటి వైపు చూసి, "ఆ చప్పుడు ఆపగలరా అండీ?" అంది. అది ఫ్రిజ్. ఏళ్ల తరబడి ఆ ఇంట్లోనే ఉంటున్నా, అది అంతలా గుర్రుమంటుందని నాకు ఆ క్షణం దాకా తెలీదు. వెళ్లి ప్లగ్గు తీశాను. ఇల్లంతా ఒక్కసారిగా సద్దుమణిగింది. ఆమె మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి తీగ మీద వేలు జారిన చప్పుడు వినిపించింది. ప్రతి చరణానికీ ముందు ఆమె తీసుకునే ఊపిరి వినిపించింది. అదే పాట నేను ఫోన్లో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. అందులో అంత ఊపిరి ఉందని నాకు తెలియనే తెలియదు.

అంతా అయ్యాక గిటారు పెట్టెలో సర్దుకుంటూ ఆమె ఒక మాట అంది. "ఒక పాటని మొదలు నుంచి చివరి దాకా ఎవరూ కదలకుండా వింటే ఎలా ఉంటుందో మర్చిపోయానండీ." ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు.

ఏ కంపెనీ అండా లేకుండా సొంతంగా రాసుకుని, సొంత డబ్బుతో రికార్డు చేసుకుని, సొంతంగా విడుదల చేసుకునేవాళ్లని ఇండిపెండెంట్ మ్యూజిషియన్లు అంటున్నాం కదా. వాళ్ల పాటలు మనకి నచ్చుతాయి. లైక్ కొడతాం, ప్లేలిస్టులో పెట్టుకుంటాం, నలుగురికి పంపిస్తాం. అవన్నీ మంచివే. కానీ నచ్చడం వేరు, పూచీ పడటం వేరు. "ఈ పాట బయటికి రావాలి, అందులో నా వంతు ఇదిగో" అనడం పూచీ. అలా పూచీ పడటానికి శ్రోతల చేతిలో రెండు మంచి దారులున్నాయి. ఒకటి క్రౌడ్‌ఫండింగ్, అంటే పాట తయారవకముందే తలా కొంత వేసుకుని దాని ఖర్చు భరించడం. రెండోది హౌస్ కాన్సర్ట్, అంటే మన ఇంట్లోనే కచేరీ పెట్టించడం.

ముందుగా ఒక అపోహ తీసేద్దాం. స్ట్రీమింగ్ యాప్‌కి మనం నెలనెలా కట్టే చందా, మనం విన్నవాళ్లకే వెళ్తుందని చాలామంది అనుకుంటారు. పెద్ద యాప్‌లలో ఎక్కువగా అలా జరగదు. అందరి డబ్బూ ఒకచోట పోగేసి, మొత్తంలో ఎవరి పాటలు ఎన్నిసార్లు మోగాయో చూసి, ఆ వాటా ప్రకారం పంచుతారు. మీరు నెలంతా ఒక్క చిన్న గాయని పాటలే విన్నా, మీ చందాలో సింహభాగం మీరెప్పుడూ వినని పెద్ద స్టార్ల వైపే పోతుంది. స్పాటిఫైలో 2024 నుంచి ఇంకో నిబంధన కూడా వచ్చింది. గడిచిన 12 నెలల్లో కనీసం 1,000 సార్లు మోగని పాట రికార్డింగ్ రాయల్టీ లెక్కలోకే రాదు. కొత్తగా మొదలుపెట్టినవాళ్లకి ఆ గడప దాటడమే గగనం. యాప్‌లు మానేయమని నేను అనడం లేదు, నేనూ వింటాను. అక్కడ వింటే మన బాధ్యత తీరిపోయింది అనుకోవద్దనే నా బాధ.

ముందే డబ్బు పోగేసి సంగీతం చేయించుకోవడం ఇంటర్నెట్ కనిపెట్టిన పద్ధతేమీ కాదు. 1784లో ప్రసిద్ధ స్వరకర్త మోజార్ట్ వియన్నాలో మూడు కచేరీలకి ముందే చందాలు కట్టించుకున్నాడు. కట్టిన 174 మంది పేర్లూ రాసి, ఆ జాబితాని వాళ్ల నాన్నకి ఉత్తరంలో పంపించాడు. నాకు ఆ జాబితా సంగతి భలే ఇష్టం. అంతటి మోజార్ట్ కూడా, "చూడండి నాన్నా, ఇంతమంది నా వెనక ఉన్నారు" అని పేరు పేరునా చూపించుకున్నాడన్నమాట.

ఇంటర్నెట్ కాలంలో దీనికి దారి చూపించింది అభిమానులే. 1997లో మారిలియన్ అనే బ్రిటిష్ బ్యాండ్, అమెరికా టూర్‌కి వస్తే నష్టపోతాం, రాలేమని చెప్పేసింది. అక్కడి అభిమానులు ఊరుకోలేదు. ఇంటర్నెట్లో ఒకరినొకరు పోగేసుకుని 60,000 డాలర్లు జమ చేశారు. టూర్ జరిగింది. ఆ బ్యాండ్ తర్వాత ఇంకో అడుగు వేసి, 2001లో వచ్చిన ఆల్బమ్‌కి ఒక్క పాట కూడా రికార్డు చేయకముందే ఆర్డర్లు అడిగింది. 12,000 మందికి పైగా ముందే కొనేశారు. వినేవాళ్ల డబ్బుతో సంగీతం తీయించే ఆర్టిస్ట్‌షేర్ అనే వెబ్‌సైట్ 2003లో మొదలైంది. దాని ద్వారా ఆల్బమ్ చేసిన జాజ్ స్వరకర్త మరియా ష్నైడర్‌కి 2005లో గ్రామీ అవార్డు వచ్చింది. ఆ ఆల్బమ్ ఏ షాపులోనూ అమ్మలేదు.

వీటన్నిటికన్నా నాకు ఎక్కువగా గుర్తుండేది అమెరికన్ గాయని అమండా పామర్ అనుభవం. ఆమె బ్యాండ్‌కి ఒకప్పుడు పెద్ద రికార్డు కంపెనీతో ఒప్పందం ఉండేది. వాళ్ల ఆల్బమ్ మొదటి కొన్ని వారాల్లో సుమారు 25,000 కాపీలు అమ్ముడైతే, కంపెనీ దాన్ని ఫెయిల్యూర్ కింద లెక్కేసింది. ఆ సంగతి ఆమే ఒక ప్రసంగంలో చెప్పింది. ఆ తర్వాత ఆమె బయటికి వచ్చేసి, 2012లో కిక్‌స్టార్టర్ అనే క్రౌడ్‌ఫండింగ్ వెబ్‌సైట్‌లో లక్ష డాలర్లు అడిగింది. దాదాపు 12 లక్షల డాలర్లు వచ్చాయి. ఇచ్చింది ఎంతమందో తెలుసా? 24,883 మంది. కంపెనీకి ఆనని ఆ పాతిక వేలే ఆమెకి కొండంత అండ అయింది. ఒక మ్యూజిషియన్ బతకడానికి కోట్ల వ్యూస్ అక్కర్లేదు. పేరు పేరునా నిలబడే మనుషులు కావాలి. చాలామందికి అందులో పదో వంతు దొరికినా చాలు, ఏళ్ల తరబడి పాడుకుంటూ ఉంటారు.

ఇప్పుడు డబ్బు ఎటు పోతుందో చూద్దాం. ఎందుకంటే "అంత డబ్బు ఏం చేసుకుంటారు?" అనే అనుమానం ఎక్కడో మనలో ఉంటుంది. స్టూడియో అద్దె, వాయించేవాళ్ల పారితోషికం, రికార్డు చేసిన శబ్దాల్ని కలిపి తీర్చిదిద్దే మిక్సింగ్, మాస్టరింగ్, కవర్ బొమ్మ, సీడీలో రికార్డులో అయితే వాటి తయారీ. ఇవి మనకి తోచేవే. తోచని ఖర్చు పోస్టేజి. నాకు తెలిసిన ఒకతను, డబ్బు వేసిన ప్రతివాళ్లకీ సీడీ, టీషర్టు పంపిస్తానని ఉత్సాహంగా మాటిచ్చాడు. లక్ష్యం చేరింది, అందరం పండగ చేసుకున్నాం. తీరా పార్సిళ్లు కట్టే రోజు వచ్చాక చూస్తే, దూర దేశాలకి పంపే ఖర్చు టీషర్టు ఖరీదుని దాటిపోయింది. చివరికి చేతి చమురు వదిలింది. నేను వెళ్లేసరికి పొట్లాల మధ్య కూర్చుని చిరునామాలు చేత్తో రాస్తున్నాడు. అలసిపోయి ఉన్నాడు. ఒక్కటి కూడా ఎగ్గొట్టలేదు. అప్పటి నుంచి నేను ఎవరికైనా డబ్బు వేసేటప్పుడు వస్తువు అడగను. పాటల ఫైళ్లు చాలంటాను, లేదా బహుమతి ఏమీ వద్దనే ఆప్షన్ ఎంచుకుంటాను. అప్పుడు నేనిచ్చిన దాంట్లో ఎక్కువ భాగం పాటకే చేరుతుంది.

కిక్‌స్టార్టర్‌లో లక్ష్యం చేరితేనే మన డబ్బు తీసుకుంటారు. చేరకపోతే ఎవరి దగ్గరా పైసా తీసుకోరు. చేరితే కంపెనీ వాటా 5 శాతం, చెల్లింపుల ఖర్చు విడిగా ఇంకొంత. ఇలా అంతా లేదా ఏమీ లేదు అనే పద్ధతి వల్ల మొదటి రోజులు చాలా ముఖ్యం. ఖాళీగా ఉన్న పేజీలో మొదటి చెయ్యి వేయడానికి అందరూ జంకుతారు. అందుకే చివర్లో వేద్దాంలే అని ఆగొద్దు. ఎంత వేయాలని ఉందో అంత మొదటి రోజే వేయండి. మీరు వేసే చిన్న మొత్తం తర్వాత వచ్చేవాళ్లకి భరోసా.

ఒక జాగ్రత్త. డబ్బు మధ్యలో ఎవరి చేతిలో ఉంటుందో చూసుకోండి. ప్లెడ్జ్‌మ్యూజిక్ అనే వేదిక 2009లో మ్యూజిషియన్ల కోసమే మొదలైంది, మంచి పేరు తెచ్చుకుంది. 2019లో మూతపడింది. అభిమానులు కట్టిన డబ్బు అందక ఎంతోమంది కళాకారులు దెబ్బతిన్నారు. అభిమానులు ఇచ్చారు, కళాకారులు పని చేశారు, మధ్యలో ఆగిపోయింది. నాకు ఇప్పటికీ అది తలుచుకుంటే కోపం వస్తుంది. కాబట్టి వేదిక ఎన్నాళ్లకి డబ్బు విడుదల చేస్తుందో కళాకారుల్నే అడగండి, వాళ్లు మొహమాటపడరు. ఒకేసారి పెద్ద మొత్తం కన్నా నెలనెలా కొంచెం ఇవ్వడం మీకు వీలైతే, 2013లో మొదలైన పేట్రియాన్ లాంటివి ఉన్నాయి. దాన్ని స్థాపించినవాళ్లలో జాక్ కాంటే స్వయంగా మ్యూజిషియన్.

ఇక ఇంటి కచేరీ. డబ్బు కన్నా నాకు ఇదే ఎక్కువ ఇష్టం. ఆస్ట్రియా స్వరకర్త షూబర్ట్ పాటలు వియన్నాలో ఎక్కువగా స్నేహితుల ఇళ్లలోనే మోగాయి. ఆ కూటాలకి షూబర్టియాడ్ అనే పేరే వచ్చింది. కేవలం తన రచనలతో అతను బహిరంగంగా చేసిన కచేరీ ఒక్కటే, 1828 మార్చి 26న. ఆ ఏడాది నవంబర్‌లో చనిపోయాడు. ఆ స్నేహితుల హాళ్లే లేకపోతే ఆ పాటల్లో ఎన్నింటిని అతను బతికుండగా మనుషుల మధ్య విని ఉండేవాడో ఆలోచించండి.

పెద్ద ఇల్లు ఉండాలా అని అడుగుతారు. పదిహేను మంది కూర్చుంటే చాలు. మైకు అక్కర్లేదు, లేకపోవడమే అందం. పాడేవాళ్లని గుమ్మానికి ఎదురుగోడ దగ్గర కూర్చోబెట్టండి. ఆలస్యంగా వచ్చినవాళ్లు వెనక నుంచి చప్పుడు లేకుండా వచ్చి కూర్చుంటారు. గుమ్మం పక్కన కూర్చోబెడితే ప్రతి ఒక్కరూ పాట మధ్యలోంచి నడుచుకుంటూ రావాల్సిందే. పైనున్న పెద్ద లైటు ఆపేసి, పాడేవాళ్ల పక్కన ఒక దీపం పెట్టండి. ఫ్యాన్, ఏసీ, గోడ గడియారం ఒకసారి చెవి పెట్టి వినండి. ఫ్రిజ్ ఆపితే మీ బండి తాళాలు అందులో పెట్టండి, తిరిగి ఆన్ చేయడం మర్చిపోరు. ఇది నాకు ఒక సౌండ్ ఇంజనీర్ చెప్పిన చిట్కా. పక్కింటివాళ్లకి ముందే చెప్పండి, వీలైతే వాళ్లనీ పిలవండి.

డబ్బు విషయంలో మాత్రం మొహమాటం వద్దు. తలకి ఎంత ఇవ్వాలో ఆహ్వానంలోనే రాయండి, వీలైతే ముందే కట్టించుకోండి. వస్తామని చెప్పినవాళ్లలో కొందరు చివరి నిమిషంలో రారు, ఆ లోటు కళాకారుల మీద పడకూడదు. వచ్చిందంతా వాళ్లదే, ఇల్లు ఇచ్చినవాళ్లు ఒక్క పైసా ఉంచుకోరు. కనీసం ఇంత అందుతుందని ముందే మాటివ్వగలిగితే ఇంకా మంచిది. ప్రయాణం ఖర్చు లెక్కేసుకుని బయల్దేరే మనిషికి ఆ ఒక్క మాట ఎంత టెన్షన్ తీసేస్తుందో. విరామానికి ముందు లేచి డబ్బు సంగతి మీరే చెప్పండి. పాడినవాళ్ల నోటితో చెప్పించకండి. అడ్రస్ మాత్రం బహిరంగంగా పెట్టొద్దు. తెలిసినవాళ్లకి, వాళ్లకి తెలిసినవాళ్లకి, అంతే. అందరికీ తెరిచిన కచేరీకి చాలా దేశాల్లో అనుమతులు కావాలి.

నలభై నిమిషాలు పాట, కాసేపు విరామం, మళ్లీ నలభై నిమిషాలు. ఆ విరామాన్ని అస్సలు ఎగ్గొట్టకండి. సీడీలు కొనేది అప్పుడే, "ఈ పాట ఎందుకు రాశారు?" అని అడిగేది అప్పుడే. ఒక కాగితం, పెన్ను బల్ల మీద పెట్టండి. కొత్త పాటల కబురు కావాలనుకున్నవాళ్లు పేరు, ఈమెయిల్ రాస్తారు.

మా ఇంట్లో పాడిన ఆ అమ్మాయి కూడా అలాంటి కాగితమే మడిచి గిటారు పెట్టెలో పెట్టుకుని వెళ్లింది. కొన్ని నెలల తర్వాత తన మొదటి ఆల్బమ్‌కి క్రౌడ్‌ఫండింగ్ పెట్టింది. ఆ రోజు రాత్రి నాకు ఫోన్ చేసి, మొదటి గంటలో డబ్బు వేసినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చదివింది. సగానికి పైగా ఆ కాగితం మీద ఉన్నవే. ఒక పేరు మా పక్కింటివాళ్లది.