పాత ఆప్‌ఆంప్ డేటాషీట్‌లో కనిపించని స్పెక్‌ని ఎలా పట్టుకోవాలి

అందరికీ నమస్కారమండి. 709, 741, 301 లాంటి పాత ఆప్‌ఆంప్‌లతో (ఆపరేషనల్ యాంప్లిఫైయర్, అంటే సిగ్నల్‌ని పెంచే చిప్) పని చేసేవాళ్ళు తరచుగా అడిగేది ఏంటంటే, డేటాషీట్ (కంపెనీ ఇచ్చే చిప్ వివరాల పత్రం) టేబుల్ మొత్తం చూశాం, మాకు కావాల్సిన స్పెక్ ఆ పేరుతో ఎక్కడా లేదు, ఇప్పుడేం చేయాలి అని. నేను చెప్పేది ఒకటే, చాలాసార్లు అది ఆ పేజీల్లోనే ఉంటుంది, కాకపోతే వేరే రూపంలో ఉంటుంది.

741 బ్యాండ్‌విడ్త్, అంటే అది ఏ ఫ్రీక్వెన్సీ దాకా పని చేస్తుందో, చూడండి. చాలా పాత షీట్లలో ఆ లైనే ఉండదు, ట్రాన్సియెంట్ రెస్పాన్స్ అని పెట్టి రైజ్ టైమ్ (అవుట్‌పుట్ పైకి లేవడానికి పట్టే సమయం) 0.3 మైక్రోసెకన్లు అని ఇస్తారు. 0.35ని దాంతో భాగిస్తే సుమారు 1.17 మెగాహెర్ట్జ్ వస్తుంది, అదే మీరు వెతికేది. ఇదేదో మన సొంత లెక్క కాదండి, నేషనల్ సెమీకండక్టర్ వాళ్ళ ఎల్ఎం741 షీట్‌లో బ్యాండ్‌విడ్త్ నంబర్ ఇచ్చి, కింద ఫుట్‌నోట్‌లో దాన్ని రైజ్ టైమ్ నుంచి లెక్కకట్టాం అని వాళ్ళే రాశారు. అందుకే ఫుట్‌నోట్లు వదిలేయొద్దు అని గట్టిగా చెప్తాను.

స్లూ రేట్, అంటే అవుట్‌పుట్ వోల్టేజ్ ఎంత వేగంగా మారగలదో, అది కూడా అంతే. టేబుల్‌లో లేకపోతే, ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ అవుట్‌పుట్ స్వింగ్ ఎలా పడిపోతుందో చూపించే గ్రాఫ్ ఉంటుంది, అది పడడం మొదలయ్యే ఫ్రీక్వెన్సీని పీక్ వోల్టేజ్‌తో, రెండు పై (2π)తో గుణిస్తే సరిపోతుంది. ఇదే లెక్క తిరగేసి చేయొచ్చు, 741కి మైక్రోసెకనుకి 0.5 వోల్ట్ కాబట్టి 10 వోల్ట్ పీక్ కావాలంటే దాదాపు 8 కిలోహెర్ట్జ్ దాకే, మెగాహెర్ట్జ్ పార్ట్ కదా అని ఆడియోలో పెద్ద స్వింగ్ అడిగితే సైన్ వేవ్ కాస్తా ట్రయాంగిల్ అయిపోతుంది. 301 అయితే కాంపెన్సేషన్ (ఆసిలేట్ కాకుండా ఆపే కెపాసిటర్) బయట మనమే పెట్టాలి, కాబట్టి ఏ కెపాసిటర్‌తో కొలిచారో తెలియకుండా దాని స్పీడ్ నంబర్‌కి అర్థమే లేదు.

ఇంక నంబర్ దొరికాక కూడా ఏ కాలమ్‌లోదో చూడండి. 741సి బయాస్ కరెంట్ (ఇన్‌పుట్ పిన్‌లో పారే కరెంట్) టిపికల్ 80 నానోఆంప్స్, మ్యాక్సిమమ్ 500. ఒక మెగాఓమ్ రెసిస్టర్ మీద మొదటిది 80 మిల్లీవోల్ట్‌లు, రెండోది అర వోల్ట్! డిజైన్ రెండోదానికి తట్టుకోవాలి. పేరు కూడా పూర్తిగా చదవాలి, 101ఏకి ఆఫ్‌సెట్ (ఇన్‌పుట్‌ల మధ్య ఉండే చిన్న వోల్టేజ్ తేడా) మ్యాక్సిమమ్ 2 మిల్లీవోల్ట్‌లు అయితే 301ఏకి 7.5, ఒకే షీట్‌లో పక్కపక్కనే ఉంటాయి.

కొలిచిన కండిషన్స్ అన్నీ దాదాపు ప్లస్ మైనస్ 15 వోల్ట్‌ల సప్లై దగ్గరే ఇస్తారు. అక్కడ 741 ఇన్‌పుట్ రేంజ్‌కి గ్యారంటీ ప్లస్ మైనస్ 12, అంటే పైన 3 వోల్ట్‌లు, కింద 3 వోల్ట్‌లు వదిలేయాలి. 5 వోల్ట్ సింగిల్ సప్లై గురించి షీట్‌లో ఒక్క ముక్క లేకపోయినా జవాబు ఇక్కడే ఉంది, మిగలడానికి ఏమీ లేదు.

పీడీఎఫ్ నుంచి కాపీ చేసేవాళ్ళు జాగ్రత్త, కొన్ని ఫైళ్ళలో మైక్రో గుర్తు కాపీ అయ్యేసరికి మిల్లీ అక్షరంగా మారిపోతుంది, మైక్రోవోల్ట్ వెయ్యి రెట్లు అవుతుంది. పేజీని కళ్ళతో చూసి టైప్ చేసుకోండి.

షీటే దొరక్కపోతే కంపెనీ ఎటు పోయిందో పట్టుకోండి. నేషనల్ 2011లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో కలిసింది, ఆర్‌సీఏ పార్టులు హారిస్, ఇంటర్‌సిల్ మీదుగా ఇప్పుడు రెనెసాస్ దగ్గరున్నాయి. అక్కడా లేకపోతే బిట్‌సేవర్స్ వెబ్‌సైట్‌లో పాత డేటాబుక్ స్కాన్లు ఉన్నాయి, అప్లికేషన్ నోట్లు కూడా చూడండి.

నాయిస్ (చిప్ తనే సిగ్నల్‌కి కలిపే రొద) ఒక్కటి మాత్రం ఎల్ఎం741 టేబుల్‌లో నిజంగానే ఉండదు, ఇంకో కంపెనీ 741 గ్రాఫ్ చూసి ఇదే అనుకోవద్దు, లోపల చిప్ వేరు. అలాంటప్పుడు కొలవడమే. గెయిన్ వెయ్యి పెట్టి, ఇన్‌పుట్‌ని చిన్న రెసిస్టర్‌తో గ్రౌండ్ చేసి, అవుట్‌పుట్‌ని కొలిచి వెయ్యితో భాగించండి, అయితే ఆ గెయిన్ దగ్గర 741కి బ్యాండ్‌విడ్త్ ఒక కిలోహెర్ట్జే మిగులుతుంది కాబట్టి ఆ నంబర్ పక్కన అది కూడా రాసిపెట్టుకోండి.