రాజ్యం కాదమ్మా, పగ్గం

అందరికీ నమస్కారమండీ. మాది పర్లాకిమిడి, బజార్లో చిన్న డీటీపీ షాపు, తెలుగు ఒడియా ఇంగ్లీషు మూడూ కొడతాను, అంచేత ఊళ్ళోవాళ్ళ తప్పులన్నీ నా చేతిమీంచే వెళ్తాయి, నావి కూడా కలుపుకుని.

మొన్న మా వీధి అమ్మాయి ఉద్యోగానికి లెటర్ రాసుకొచ్చింది. పాత ఆఫీసులో నాకు ఫ్రీ రెయిన్ ఇచ్చారు, అంటే నీకు తోచినట్టు చేసుకోమన్నారు అని అందులో ఓ ముక్క. ముక్క బాగానే ఉంది, స్పెల్లింగే ఆర్ ఈ ఐ జీ ఎన్ అని పెట్టింది. అది రాజులు ఏలే రెయిన్ కదమ్మా అంటే, "ఫ్రీగా ఏలుకోమన్నారనే కదా మావయ్యా, సరిపోద్ది కదేటి?" అంది. తప్పుక్కూడా అంత చక్కగా అర్థం కుదిరిపోతుంది, అందుకే ఇంగ్లీషోళ్ళు కూడా దీన్ని తెగ రాసేస్తుంటారు.

అసలుది ఆర్ ఈ ఐ ఎన్, జీ లేదు. గుర్రం కళ్ళేనికి కట్టి రౌతు పట్టుకునే పగ్గం అది. పగ్గం వదులు చేస్తే గుర్రం తనకి నచ్చిన దారిన నచ్చిన స్పీడులో పోతుంది, కానీ రౌతు దిగిపోలేదు చూడండి, పైనే కూర్చున్నాడు, కావాలంటే మళ్ళీ బిగిస్తాడు. ఆఫీసరు కిందవాళ్ళకిచ్చే ఫ్రీడమ్ సరిగ్గా అంతే కదా, రాజ్యమెవడిస్తాడు!

ఆర్ ఏ ఐ ఎన్ అని రాసినోళ్ళనీ చూశాను, అంటే వాన ఉచితం అన్నమాట. రేడియోలో మూడూ ఒక్కలాగే వినబడతాయి, అదే చిక్కు. గిడుగు రామమూర్తి గారు మా ఊరి రాజావారి బడిలో పాఠాలు చెప్పినాయనే, జనం మాట్లాడే తెలుగే రాతలోకి రావాలని పోట్లాడారు, మనకది చెల్లింది, ఎందుకంటే తెలుగులో పలికినట్టే రాసుకుంటాం. ఇంగ్లీషు స్పెల్లింగు దగ్గర చెవిని నమ్మితే మాత్రం మునిగామే.

అక్కడ ఆ గుర్రం, పగ్గం బొమ్మని తలుచుకోవాలి. ఆ బొమ్మ మనకి కొత్తేం కాదు, పార్టీ పగ్గాలు చేపట్టారు, ధరలకి కళ్ళెం అని పేపర్లో రోజూ చూసేదే. టేక్ ద రెయిన్స్ అన్నా, రెయిన్ ఇన్ అన్నా ఆ పగ్గమే, ఒక్కదాంట్లోనూ జీ ఉండదు.

సరే, జీ తీసేసి ప్రింటిచ్చాను. డబ్బులిచ్చి మెట్లు దిగుతూ నా బోర్డు చూసింది. "మావయ్యా, స్టేషనరీలో చివర ఈ ఆర్ వై ఉండాలి, నువ్వు ఏ పెట్టీసావు, షాపు కదలకుండా నిలబడిపోయిందనా?" అంది.

పదకొండేళ్ళయిందండీ ఆ బోర్డు పెట్టి.