గోడకు మూడడుగుల దూరంలో

శ్రోతలకు నమస్కారం.

వీణ తీగెను మీటినప్పుడు స్వరం కంటే ముందు ఒక చిన్న చప్పుడు పుడుతుంది. గోరు తీగెను వదిలిన చప్పుడు అది. ఆ వెంటనే స్వరం విచ్చుకుంటుంది. ఎడమచేతి వేళ్లు తీగెను మెట్టు మీద పక్కకు లాగితే ఆ స్వరం పైకి సాగుతుంది, మళ్లీ దిగి వస్తుంది, చివరకు సన్నగా కంపిస్తూ ఆరిపోతుంది. మా పెద్దక్క పెళ్లయ్యేదాకా ప్రతి ఉదయం ఇంట్లో వీణ సాధన చేసేది. ఒకే పనస దుంగలో తొలిచిన బొబ్బిలి వీణ అది. నేను పక్క మీద పడుకుని వింటూ ఉండేవాణ్ణి కనుక, ఆ గోటి చప్పుడూ, ఆ సాగడమూ, ఆ ఆరిపోవడమూ నా చెవిలో అలాగే ఉండిపోయాయి.

తరువాతి కాలంలో రికార్డుల మీద, క్యాసెట్ల మీద, సీడీల మీద ఎంత వీణ విన్నానో లెక్క లేదు. స్వరాలు వినిపించేవి, రాగం వినిపించేది, కానీ ఆ గోటి చప్పుడు మాత్రం ఏదో గుడ్డ అడ్డం పెట్టినట్టు మసకగానే ఉండేది. విశాఖపట్నంలో ఒక మిత్రుడి ఇంట్లో, ఒక శ్రావణమాసపు సాయంత్రం, దాన్ని మళ్లీ ఉన్నదున్నట్టుగా విన్నాను. ఆ సాయంత్రం గురించి, ఆ మిత్రుడి గదిలో ఉన్న విచిత్రమైన స్పీకర్ల గురించి, వాటి వల్ల నేను నేర్చుకున్న ఒకే ఒక్క పని గురించి మీకు చెప్పాలని ఇవాళ ఇక్కడికి వచ్చాను.

ఆ మిత్రులు విద్యుత్ రంగంలో ఇంజనీరుగా పనిచేసి పదవీ విరమణ చేశారు. నాకంటే పెద్దవారు. పాత ఎల్పీ రికార్డుల కోసం ఊరూరా తిరిగే అలవాటు మా ఇద్దరికీ ఉండటం వల్ల పరిచయమయ్యారు. నేను బయలుదేరే ముందు ఫోను చేసి ఆయన ఒక మాట చెప్పారు.

“మాస్టారూ, మీరు ఐదింటికే రండి. కానీ ఆరున్నర దాకా రికార్డు పెట్టమని మాత్రం అడగకండి. ఇక్కడ వాన పడుతోంది. గది ఆరాలి.”

గది ఆరడమేమిటో నాకు అప్పుడు బోధపడలేదు. వెళ్లి చూస్తే కిటికీలన్నీ బిగించి ఉన్నాయి, మధ్యాహ్నం నుంచి ఏసీ నడుస్తోంది, గాలిలో తేమ ఎంతుందో చూపించే చిన్న పరికరం గోడకు వేలాడుతోంది. గది మధ్యకు వచ్చినట్టుగా, రెండు పలకలు నిలబెట్టి ఉన్నాయి. చూసినవారెవరూ వాటిని స్పీకర్లని అనుకోరు. ఒక్కొక్కటి మూడడుగులకు కాస్త తక్కువ వెడల్పు, రెండున్నర అడుగులు దాటిన ఎత్తు. ముందు వైపు కంచు రంగు లోహపు జల్లెడ, కొద్దిగా వంపు తిరిగి ఉంటుంది. కింద పొట్టి పొట్టి చెక్క కాళ్లు. చలిదేశాలలో గదిని వెచ్చబరచడానికి పెట్టుకునే హీటరు అలాగే ఉంటుంది. పెట్టె లేదు, గుండ్రటి కాగితపు కోను లేదు, వెనక అయస్కాంతమూ లేదు.

అవి క్వాడ్ ఎలెక్ట్రోస్టాటిక్ స్పీకర్లు. ఇంగ్లండులోని హంటింగ్‌డన్ పట్టణంలో పీటర్ వాకర్ అనే ఇంజనీరు నడిపిన సంస్థ వాటిని 1957లో అమ్మకానికి తెచ్చింది. మూల ధ్వనికి వీలైనంత దగ్గరగా వెళ్లడం అన్నది ఆ సంస్థ తన గురించి తాను చెప్పుకున్న మాట. స్టీరియో రికార్డులు ఇంకా బజారులోకి రాని రోజులవి. కనుక మొదట కొన్నవాళ్లు ఇంట్లో ఒక్కటే పెట్టుకుని విన్నారు, తరువాత జత కోసం రెండోదాన్ని కొనుక్కున్నారు. మా మిత్రుడి కుమారుడు ఇంగ్లండులో ఉద్యోగం చేస్తున్న కాలంలో ఒక వృద్ధుడి దగ్గర ఈ జతను కొని, ఓడ మీద పంపించాడు. మిగతా చరిత్రంతా వదిలేసి, ఇది పనిచేసే తీరు చెబుతాను. అది తెలియకపోతే ఆ తరువాత జరిగినది అర్థం కాదు.

మన ఇళ్లలో ఉండే మామూలు స్పీకరులో ఒక తీగచుట్ట ఉంటుంది. అది అయస్కాంతం నడుమ ముందుకూ వెనక్కూ కదులుతూ, తనకు అతికించి ఉన్న కాగితపు కోనును తోస్తుంది. కోను గాలిని తోస్తుంది. అంటే కోనును నడిమధ్యన పట్టుకుని ఊపుతున్నట్టు లెక్క. నడుమ కదిలినంత కచ్చితంగా అంచు కదలదు. పైగా కోనుకు తనదంటూ ఒక బరువు ఉంది, కనుక కదలమన్న క్షణాన కదలడానికీ, ఆగమన్న క్షణాన ఆగడానికీ అది కాస్త మొరాయిస్తుంది.

క్వాడ్ పలకలో కోనుకు బదులు ఒక ప్లాస్టిక్ పొర ఉంటుంది. తలవెంట్రుక కంటే ఎన్నో రెట్లు పల్చన, కొద్ది మైక్రాన్ల మందం మాత్రమే. దానికి అటూ ఇటూ చిల్లులున్న రెండు పలకలు ఉంటాయి. పొర మీద ఎప్పుడూ అధిక వోల్టేజీ నిలిచి ఉంటుంది, బరువైన మంద్ర ధ్వనులు పలికే భాగాలలో 6,000 వోల్టులు, సన్నని తారధ్వనులు పలికే నడిమి భాగంలో 1,500 వోల్టులు. యాంప్లిఫయరు నుంచి వచ్చిన సంగీతం ఆ చిల్లుల పలకలకు అందగానే ఒకటి పొరను లాగుతుంది, రెండోది నెడుతుంది. నడుమనో అంచునో పట్టి ఊపడం కాకుండా, పొర నిండా ఒకే బలం పనిచేస్తుంది. ఇక బరువంటారా, ఆ పొర బరువు దాని ముందున్న సుమారు ఒక సెంటీమీటరు మందం గాలి బరువంత. గాలినే గాలి కదుపుతున్నంత తేలిక. కదలమంటే కదులుతుంది, ఆగమంటే ఆగుతుంది. గోటి చప్పుడు వంటి సూక్ష్మమైన, క్షణంలో పుట్టి క్షణంలో పోయే శబ్దానికి ఇంతకంటే కావలసినదేముంది!

గది ఎందుకు ఆరాలో కూడా ఇక్కడే ఉంది. పొర మీద నిలిపిన విద్యుదావేశం తేమ పట్టిన గాలిలోకీ, పేరుకున్న దుమ్ములోకీ మెల్లగా జారిపోతుంది. అలా జారిపోతున్నప్పుడు స్పీకరులోంచి చిటచిటమని శబ్దం వస్తుంది, పాట నీరసిస్తుంది. సముద్రం పక్కన ఉన్న ఊళ్లో, వానాకాలంలో, ఈ స్పీకర్లను బతికించుకోవడమంటే పసిబిడ్డను సాకడమే. నేను దగ్గరికి వెళ్లి వెనక వైపు వంగి చూడబోతే మా మిత్రుడు చెయ్యి పట్టుకుని ఆపారు. “కరెంటు తీసేశాక కూడా లోపల ఆవేశం కొంతసేపు ఉంటుంది మాస్టారూ, అక్కడ చెయ్యి పెట్టకండి” అన్నారు.

ఆరున్నర అయింది. ఆయన వాల్వు యాంప్లిఫయర్లు వెలిగించారు. అవి కూడా క్వాడ్ వారివే, ఒక్కొక్కటి 15 వాట్లు. పాత వాల్వు రేడియోలో స్టేషను సరిగ్గా దొరికినప్పుడు దగ్గరకు ముడుచుకునే పచ్చకన్ను గుర్తున్న శ్రోతలకు, ఆ వాల్వుల లోపలి ఎర్రటి వెలుగు ఎంత ఆప్యాయంగా ఉంటుందో నేను చెప్పనక్కరలేదు. తరువాత బీరువా తెరిచి చిట్టిబాబు గారి వీణ ఎల్పీ ఒకటి తీశారు. కలకత్తా దగ్గర డమ్‌డమ్‌లోని గ్రామఫోను కంపెనీ ఫ్యాక్టరీలో అచ్చయిన రికార్డు. దాన్ని నేనూ కొనుక్కున్నాను, మా ఇంట్లో కనీసం వందసార్లు విని ఉంటాను. ఆయన దాన్ని రెండు అరచేతుల అంచులతో పట్టుకుని, మెత్తని బ్రష్షుతో తుడిచి, ముల్లు దించారు.

మొదటి మీటు దగ్గరే నాకు ఒళ్లు జలదరించింది.

గోరు తీగెను తాకింది, వదిలింది. తాకడం వేరుగా, వదలడం వేరుగా వినిపించాయి. ఆ తరువాత స్వరం విచ్చుకుంది. ఆలాపనలో ఒక చోట చిట్టిబాబు గారు ఒకే ఒక్క మీటు మీద తీగెను లాగుతూ నాలుగు స్వరాలు పలికించారు. ఒక్కసారే మీటారు, నాలుగు స్వరాలు. మొదటిది బలంగా, చివరిది ఊపిరంత సన్నగా. ఆ చివరి స్వరం ఎక్కడ ఆగిపోయిందో, ఎక్కడి నుంచి కేవలం గది నిశ్శబ్దం మొదలైందో నేను కచ్చితంగా చెప్పగలిగాను. వేలు ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు జారేటప్పుడు తీగె మీద పుట్టే సన్నని గీరుడు వినిపించింది. చిటికెన వేలు తాళం తీగెలను మీటినప్పుడు ఆ శబ్దం వీణలో ఇంకో పక్క నుంచి వస్తోందని తెలిసింది. మా అక్క కూర్చునే చాప, గోడకు చేరవేసిన వీణ గలేబు, నాకు వరసగా గుర్తుకొచ్చాయి. ఎదురుగా ఉన్న కంచు పలకలు నేను చూడటం మానేశాను. ఆ రెండింటి నడుమ, కాస్త వెనకగా, ఖాళీ చోటులో వీణ ఉంది.

రికార్డు ఒక పక్క అయిపోయింది. మా మిత్రుడు లేచి, “ఇప్పుడు మీకు ఇంకొకటి వినిపిస్తాను, కాస్త పట్టండి” అన్నారు. ఇద్దరం చెరో స్పీకరూ జాగ్రత్తగా ఎత్తి, వెనక గోడకు జానెడు దూరంలో పెట్టాం. అదే రికార్డు, అదే ముల్లు, అవే యాంప్లిఫయర్లు. మళ్లీ వేశారు.

వీణ చిన్నదయిపోయింది. మంద్రంలో నిండుదనం పోయింది. గోటి చప్పుడు స్వరంలో కలిసిపోయింది. ఖాళీ చోటులో ఉన్న వీణ వెళ్లి గోడకు అతుక్కుంది. వంటింట్లో కాఫీ కలుపుతున్న వదినగారు అక్కడి నుంచే, “గోడకు జరిపారా ఏమిటి?” అని అడిగారు. ఆవిడ సంగీతం నేర్చుకోలేదు, ఈ యంత్రాల మీద ఆసక్తి కూడా లేదు. ఆవిడ చెవికి కూడా తేడా తెలిసిపోయింది.

కారణం ఇదీ. ఆ పొర ముందుకు ఎంత ధ్వని పంపుతుందో వెనక్కూ అంతే పంపుతుంది. వెనక్కు వెళ్లిన ధ్వని గోడకు తగిలి తిరిగి మన దగ్గరికి వస్తుంది. ధ్వని సెకనుకు సుమారు 1,100 అడుగులు పోతుంది. గోడ మూడడుగుల దూరంలో ఉంటే, పోనూ రానూ ఆరడుగులు, అంటే తిరిగి వచ్చిన ధ్వని అసలు ధ్వని కంటే సుమారు 5 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. ఆ ఎడం ఉంటే చెవి రెండింటినీ తేడా పట్టి, మొదటిదాన్ని వీణగా, రెండోదాన్ని గదిగా తీసుకుంటుంది. గోడకు జానెడు దూరంలో పెడితే ఆలస్యం ఒకటిన్నర మిల్లీసెకన్లు కూడా ఉండదు. అప్పుడు అసలూ ప్రతిధ్వనీ ఒకదాన్నొకటి రుద్దుకుని, కొన్ని స్వరాలు చెరిగిపోయి, కొన్ని ఉబ్బిపోతాయి.

ఈ స్పీకర్లు అందరూ కొనుక్కోవాలని నేను అనడం లేదు. వీటితో గట్టిగా వినడం కుదరదు, మోతాదు మించితే లోపల నిప్పురవ్వ ఎగిరి పొర పాడవుతుంది. నాదస్వరం, డోలు పెళ్లిపందిరిలో వినిపించినంత జోరుగా ఇంట్లో వినాలనుకునేవారికి ఇవి పనికిరావు. మృదంగం ఎడమ మూత గంభీరనాదం వీటిలో కాస్త పలచనే. సరిగ్గా నడుమ ఉన్న కుర్చీలో కూర్చున్నవారికి అందినంత పక్కన కూర్చున్నవారికి అందదు. ఇన్ని తెలిసి కూడా, వీణకూ మనిషి గొంతుకూ ఇంతకంటే నిజమైన స్పీకరును నేను వినలేదని నా అభిప్రాయం.

కానీ గోడ సంగతి మాత్రం అందరిదీ. మీ ఇంట్లో ఉన్న మామూలు పెట్టె స్పీకరు విషయంలో కూడా గోడ ఇలాగే అడ్డం వస్తుంది, తీరు మాత్రం వేరు. మంద్ర ధ్వనుల అలలు చాలా పొడుగు. సెకనుకు 100 కంపనాల ధ్వని అల 11 అడుగులు ఉంటుంది. అంత పొడుగు అలకు పెట్టె ఒక లెక్క కాదు, అది పెట్టె చుట్టూ తిరిగి వెనక్కు పోయి, గోడ తోడయి రెట్టించి వస్తుంది. అందుకే షోకేసు అరలోనో, గది మూలనో ఇరికించిన స్పీకరులో గాయకుడి గొంతు కుండలో నోరు పెట్టి మాట్లాడినట్టు వినిపిస్తుంది. కొనే రోజున ఆ గొంతు బరువుగా, బాగుందనిపిస్తుంది. ఏళ్ల తరబడి వింటే అందులో మాట స్పష్టంగా లేదని తెలుస్తుంది.

కనుక ఇవాళ సాయంత్రం చేసి చూడండి. స్పీకర్లను గోడ నుంచి రెండు, మూడు అడుగులు ముందుకు జరపండి. మూలల నుంచి బయటికి తీసుకురండి. రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరం ఉందో, ఒక్కొక్క స్పీకరు నుంచి మీ కుర్చీకి కూడా దాదాపు అంతే దూరం ఉండేట్టు కూర్చోండి. ఎప్పుడూ నడిగదిలో ఉంచడానికి వీలుపడకపోతే, మా వదినగారు చేసినట్టు చేయండి. ఆవిడ నేల మీద సుద్దముక్కతో నాలుగు గీతలు గీసి పెట్టారు. వినేటప్పుడు గీతల దాకా జరపడం, వినడం అయ్యాక వెనక్కు నెట్టేయడం. సరిగ్గా పెట్టారో లేదో చూసుకోవడానికి పాట అక్కరలేదు, బాగా తెలిసిన మనిషి గొంతు చాలు. మీకు రోజూ వార్తలు చదివే గొంతు పెట్టుకుని, అడుగు అడుగు చొప్పున ముందుకు జరుపుతూ వినండి. ఆ మనిషి గదిలోకి వచ్చినట్టు అనిపించిన చోట ఆపేయండి.

నేను ఇంటికి వచ్చిన మర్నాడే టేపు పెట్టి కొలిచాను. నా స్పీకర్లు గోడకు నాలుగు వేళ్ల దూరంలో ఉన్నాయి. అలా పదకొండేళ్లు విన్నాను. వాటిని రెండున్నర అడుగులు ముందుకు లాగి, అదే చిట్టిబాబు గారి రికార్డు వేశాను. క్వాడ్ స్పీకర్లలో విన్నంత కాకపోయినా, గోటి చప్పుడు వచ్చింది.

దీపావళికి మా పెద్దక్క వచ్చింది. ఆవిడకు ఏమీ చెప్పకుండా ఆ రికార్డు పెట్టాను. ఆ నాలుగు స్వరాల చోటు దాకా కళ్లు మూసుకుని విన్నది. తరువాత ఎడమచేతి రెండు వేళ్లు మోకాలి మీద ఆనించి, లేని తీగెను పక్కకు లాగి చూసుకుంది.

“ఒరే, ఈ సంగతి పంచమం తీగె మీద వాయించారురా. ఇన్నాళ్లూ మొదటి తీగె, సారణి అనుకున్నాను. ముల్లు వెనక్కి పెట్టు, ఇంకోసారి వింటాను.”

నమస్కారం.