ఒకే కీర్తన, రెండు క్వయర్లు: ఆడవాళ్ళకు ఎస్‌ఎస్‌ఏ, మగవాళ్ళకు టీటీబీబీ (మ్యూజ్‌స్కోర్ 4 ల)

అందరికీ నమస్తే. స్క్రీన్ మీద ఉన్నది మామూలు నాలుగు గొంతుల కీర్తన. పైనుంచి కిందికి సొప్రానో, ఆల్టో ఆడగొంతులు, టెనర్, బేస్ మగగొంతులు. జి మేజర్ల ఉంది. ట్యూన్ మిడిల్ సి పక్కనున్న డి కాడ మొదలై పైన ఇ దాక పోతది, చివరికి జి మీద ఆగుతది. ఇయాల దీన్నే మ్యూజ్‌స్కోర్ 4 అనే సంగీతం రాసే సాఫ్ట్‌వేర్‌ల మగవాళ్ళకు టీటీబీబీ (రెండు టెనర్లు, రెండు బేస్‌లు), ఆడవాళ్ళకు ఎస్‌ఎస్‌ఏ (రెండు సొప్రానోలు, ఒక ఆల్టో) రాస్తం.

నల్లగొండల చూడండి, పాలమూరుల చూడండి, క్రిస్మస్‌కు స్త్రీల సమాజం వేరే పాడతది, యూత్ వాళ్ళు వేరే పాడతరు. ఇద్దరికీ ఇదే కాగితం ఇస్తే ఆడవాళ్ళ దాంట్ల బేస్ ఖాళీ, మగవాళ్ళ దాంట్ల పైరెండు వరుసలు ఖాళీ.

ముందు మగవాళ్ళది. ఫైల్ కాపీ చేసుకోండి. కంట్రోల్ ఏ, టూల్స్, ట్రాన్స్‌పోజ్ (అంటే శ్రుతి మార్చుడు), బి ఫ్లాట్‌కు, పైకి. ఓకే. ఎందుకు ఎత్తినమంటే, జి లనే ఉంచి ట్యూన్‌ను ఒక ఆక్టేవ్ (ఒక స్థాయి) దించితే మిగిలిన గొంతులు దాని కింద ఇరుక్కోవాలె, జాగ సాలదు. బి ఫ్లాట్ అయితే టెనర్ 1 కు పైసురం మిడిల్ సి పైన జి. అంతకు మించి అడగొద్దు. మన క్వయర్లల్ల ఎక్కువ మంది నడిమి గొంతోళ్ళే, నిఖార్సైన టెనర్లు ఇద్దరు దొరికితే గొప్ప.

ఇప్పుడు ఇన్‌స్ట్రుమెంట్స్‌ల టెనర్, టెనర్, బారిటోన్ (ఇదే బేస్ 1), బేస్ (ఇది బేస్ 2). వేసినం. ఇగో, ఇక్కడ జర ఆగుదాం.

టెనర్ స్టాఫ్ (ఐదు గీతల వరుస) మొదట్ల ఉండే క్లెఫ్ గుర్తు కింద చిన్న 8 కనిపిస్తుందా? జూమ్ చేస్త. ఇదిగో. రాసిన సురం కన్న ఒక ఆక్టేవ్ కింద వినిపిస్తదని దానర్థం. ఆ 8 లేని మామూలు ట్రెబుల్ క్లెఫ్‌ల సొప్రానోను, అంటే ట్యూన్ వరుసను, పేస్ట్ చేస్తే కాగితం మీద అంతా సక్కగనే కనిపిస్తది. మగవాళ్ళు చూసి ఎట్లాగూ ఒక ఆక్టేవ్ కిందనే పాడతరు. కానీ ప్లే కొడితే మీకు వినిపించేది ఆడగొంతు ఎత్తుల. టెనర్‌కూ బారిటోన్‌కూ నడుమ పెద్ద సందు ఉన్నట్టు అనిపిస్తది. సందు నింపుదామని బారిటోన్‌ను పైకి జరుపుతరు. రిహార్సల్‌ల ఆ బారిటోన్ పోయి టెనర్ నెత్తి మీద కూసుంటది. అందుకే వరుస గుర్తుపెట్టుకోండి. ముందు 8 ఉన్న క్లెఫ్, తర్వాత పేస్ట్, తర్వాత కంట్రోల్ డౌన్ యారో. పేస్ట్ చెయ్యంగనే నోట్లు స్టాఫ్ దాటి పైన గీతల మీదికి ఎక్కుతయి, అది సరైనదే, మ్యూజ్‌స్కోర్ వినిపించే ఎత్తును మార్చదు. కంట్రోల్ డౌన్ కొడితే దిగుతయి. నమ్మకం లేకుంటే చివరి నోట్ మీద క్లిక్ చేసి కింద ఎడమ మూలకు చూడండి. బి ఫ్లాట్ 3 అని ఉండాలె. 4 అని ఉంటే దించలేదన్నట్టు. క్లెఫ్ తర్వాత మార్చినా ఎత్తు మారదు, బొమ్మ మారుతదంతే.

ఇగ లోపలి గొంతులు. పాత ఆల్టో, టెనర్ వరుసల్ని అట్లనే దింపకండి. కార్డ్ (ఒకేసారి మోగే సురాల గుంపు) చూసి రాయండి. అడుగున దూరం, పైన దగ్గర. చివరి కార్డ్ చూడండి, ట్యూన్ బి ఫ్లాట్ మీద ఉంది. దాని కింద ఎఫ్, డి, అడుగున బి ఫ్లాట్ పెడితే? వినండి. గుయ్యిమంటుంది. అంత కింద మూడో సురం (ఇక్కడ డి) దగ్గరగ వస్తే ఓవర్‌టోన్లు (సురంతో పాటు సన్నగ మోగే పై సురాలు) ఒకదాన్నొకటి కొట్టుకుంటయి, ఏ సురమో తెల్వదు. దీనికి ఉపాయం, ఆ ఒక్క కార్డ్‌ల ట్యూన్‌ను టెనర్ 2 కి ఇచ్చేయండి. బేస్ 2 కింది బి ఫ్లాట్, బేస్ 1 ఎఫ్, టెనర్ 2 బి ఫ్లాట్, టెనర్ 1 పైన డి. ఇప్పుడు వినండి. తెరిపి అయింది. టెనర్ 2 కు ఎంఎఫ్ (కొంచెం గట్టిగ), టెనర్ 1 కు ఎంపీ (కొంచెం మెల్లగ) రాయండి, లేకుంటే పై డి నే ట్యూన్ అనుకుంటరు జనం. మిగిలిన కార్డ్‌లు కూడ ఇదే తీరు, నేను జల్ది నడిపిస్త.

ఆడవాళ్ళది. అసలు ఫైల్ మళ్ళ తెరవండి. ఈసారి ఏ ఫ్లాట్, పైకి. బి ఫ్లాట్ అయితే పైసురం జి అయితది, సాధన లేని గొంతులు అరుస్తయి. ఏ ఫ్లాట్‌ల ఎఫ్ కాడ ఆగుతది.

మూడే గొంతులు కాబట్టి ఒక సురం వదలాలె. కార్డ్‌ల రెండుసార్లు వచ్చిందాన్ని ముందు తీసేయండి. ఇ ఫ్లాట్ సెవెన్ (ఇ ఫ్లాట్, జి, బి ఫ్లాట్, డి ఫ్లాట్) లాంటి కాడ ఐదోదాన్ని, అంటే బి ఫ్లాట్‌ను వదలండి. ట్యూన్‌లనే ఆ ఐదోది ఉంటే ఏడోదాన్ని వదలండి. మూడోదాన్ని మాత్రం ముట్టుకోవద్దు, అది పోతే మేజరో మైనరో తెల్వదు. ఇక్కడ ఆల్టోనే బేస్ పని చేస్తది. మిడిల్ సి కింది జి కన్న దిగనియ్యకండి. చివరి కార్డ్ ఏ ఫ్లాట్, సి, పైన ఏ ఫ్లాట్. ఆల్టోను ఇ ఫ్లాట్ మీద ఆపితే పాట ఆగినట్టే అనిపించదు, ఇంకేదో రావాలె అన్నట్టు ఉంటది.

ఆడగొంతులకే రాసింది వినాలంటే ఇంగ్లండ్ సంగీతకర్త హోల్స్ట్ ఋగ్వేద సూక్తాలు, మూడో భాగం, 1910 ది. ఆడగొంతులు, హార్ప్, అంతే. బేస్ లేకుండ అడుగు ఎట్ల నిలబెట్టిండో వినండి.

సాహిత్యం. మొదటి నోట్ పట్టి కంట్రోల్ ఎల్. మాట లోపల హైఫన్, మాట అయిపోతే స్పేస్, సాగదీయనీకె అండర్‌స్కోర్. ప్ర-భు-వా, అ-మ్మ, ఒత్తును విడగొట్టకండి. నాకైతే నోట్‌ప్యాడ్‌ల హైఫన్లతో మొత్తం టైప్ చేసి కాపీ కొట్టి, ఇక్కడ కంట్రోల్ వీ వరుసగ కొట్టుడే ఇష్టం, ఒక్కో దెబ్బకు ఒక్కో అక్షరం పడతది. ఫాంట్ నోటో సాన్స్ తెలుగు పెట్టండి.

పీడీఎఫ్ ఎక్స్‌పోర్ట్ చేయండి. కీబోర్డ్ అన్నకు ఒక ముక్క చెప్పాలె: ఆయన పాత జి లనే వాయిస్తే ట్రాన్స్‌పోజ్ బటన్ మగవాళ్ళకు ప్లస్ 3, ఆడవాళ్ళకు ప్లస్ 1. రెండు పాటల నడుమ మార్చుడు మరువద్దని కాగితం మీదనే పెద్దగ రాయండి.