కన్సోల్ కొనే ముందు: మీ ఇంట్లో రిమోట్ ఎవరి దగ్గర ఉంటుంది?

నమస్తే అండి. ఇవాళ నా టేబుల్ మీద మూడు కన్సోల్స్, అంటే గేమ్స్ ఆడుకునే మెషీన్లు ఉన్నాయి. ప్లేస్టేషన్ 5 (పీఎస్5), ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్, నింటెండో స్విచ్. మూడూ నేను నెలల తరబడి ఆడినవే. "అన్నా, ఏది కొనమంటావ్?" అని మీలో చాలామంది అడుగుతున్నారు. ముందు మీరు నాకొకటి చెప్పాలి. సాయంత్రం ఏడు నుంచి పది దాకా మీ ఇంట్లో రిమోట్ ఎవరి దగ్గర ఉంటుంది?

ఇది ఎందుకు అడుగుతున్నానంటే, పీఎస్5 తెచ్చుకున్న మొదటి రెండు నెలలు నేను దాన్ని సరిగా ఆడనే లేదు. హాల్లో ఉన్నది ఒకటే టీవీ. ఆ టైంలో అమ్మ సీరియల్స్ చూస్తుంది. రోజంతా పని చేసి కూర్చున్న మనిషిని లేవమని ఎలా అంటాం? టీవీ నా చేతికొచ్చేసరికి పదిన్నర. పొద్దున్నే ఆఫీసు. ఆ తర్వాత రిమోట్ ప్లే యాప్ మొదలుపెట్టాను. కంట్రోలర్‌ను ఫోన్‌కి కలిపి, ఇంటి వైఫై మీద బెడ్‌రూమ్‌లో కూర్చుని ఆడొచ్చు. హాల్లో టీవీ దాని మానాన అది నడుస్తూనే ఉంటుంది. పీఎస్5ని లాన్ కేబుల్‌తో నేరుగా రౌటర్‌కి కలపండి, ఆట ఆగి ఆగి రావడం బాగా తగ్గుతుంది. కానీ కత్తులు తిప్పే పెద్ద ఆటలు ఆరంగుళాల ఫోన్‌లో చూస్తే, ఆ అందంలో సగం పోతుంది.

అందుకే టీవీ మీ చేతిలో ఉండని ఇంటికి నేను స్విచ్ వైపే మొగ్గుతాను. స్క్రీన్ దానిలోనే ఉంది. మామూలు మోడల్‌లో 6.2 అంగుళాలు, ఓలెడ్ మోడల్‌లో 7. టీవీ ఖాళీగా ఉంటే టీవీకి కలిపే డాక్‌లో పెట్టండి, లేదంటే చేతిలో పట్టుకుని ఆడండి. ఇంకో మంచి సంగతి, రెండు పక్కలా ఉన్న జాయ్‌కాన్‌లు ఊడదీస్తే ఇద్దరికి రెండు కంట్రోలర్లు అయిపోతాయి. సంక్రాంతికి పిల్లలందరూ వచ్చినప్పుడు మారియో కార్ట్ 8 డీలక్స్ పెట్టాను. ఇంకో జత కంట్రోలర్లు ఉంటే ఒకే టీవీ మీద నలుగురు ఆడొచ్చు. అప్పటిదాకా గేమ్ ముట్టని మా పెద్దమ్మ కూడా ఒక రేసు ఆడింది. ఆ మధ్యాహ్నం నేను మర్చిపోలేను.

స్విచ్ లైట్ చవకగా వస్తోందని తొందరపడకండి. అది టీవీకి కనెక్ట్ అవ్వదు, దాని కంట్రోలర్లు ఊడిరావు. ఇంకోటి, మన దేశంలో స్విచ్‌ను నింటెండో నేరుగా అమ్మదు. షాపుల్లో దొరికేవి దిగుమతి చేసుకున్నవి. పాడైతే ఎవరు బాగుచేస్తారో షాపువాళ్లతో ముందే మాట్లాడి, బిల్లు తీసుకోండి. పైగా ఇది 2017 నాటి మెషీన్. ఇప్పటి భారీ గేమ్స్ చాలావరకు దీనిలోకి రావు. అవి కావాలంటే 2025 జూన్‌లో వచ్చిన స్విచ్ 2 చూడాలి.

ఒంటరిగా కథలో మునిగిపోయే అలవాటు మీదైతే పీఎస్5. గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్, స్పైడర్‌మ్యాన్ 2 లాంటివి దీని మీద ఆడితేనే ఆ తృప్తి. అయితే డిస్క్ డ్రైవ్ ఉన్నదే తీసుకోండి. 2024లో స్లిమ్ మోడల్ మన దగ్గరికి వచ్చినప్పుడు డిస్క్ ఉన్నది 54,990, లేనిది 44,990. పదివేలు మిగిలాయనిపిస్తుంది. కానీ కొత్త పెద్ద గేమ్ ఒక్కోటి ఐదువేల దాకా ఉంటుంది. డిస్క్ అయితే ఆట పూర్తి చేసి సెకండ్ హ్యాండ్‌లో అమ్ముకోవచ్చు, ఫ్రెండ్‌కి ఇచ్చి అతనిది తెచ్చుకోవచ్చు. డౌన్‌లోడ్ చేసినది అలా అమ్మలేం. ఏడాదికి నాలుగైదు కథల గేమ్స్ పూర్తి చేసేవారికి ఆ పదివేలు త్వరగానే తిరిగొస్తాయి.

ఒక గేమ్ మీద నిలవలేరా? వారానికోటి మొదలుపెట్టి వదిలేస్తారా? అది తప్పేం కాదు, అలా ఆడేవాళ్లకే ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్, దాని చందా గేమ్ పాస్ సరిపోతాయి. నెలకింత కట్టి బోలెడు ఆటలు చూడొచ్చు, కట్టడం ఆపితే అవి ఆగిపోతాయి. సిరీస్ ఎస్‌కి డిస్క్ డ్రైవ్ లేదు, 512 జీబీ మోడల్‌లో గేమ్స్‌కి దొరికేది 364 జీబీ. 100 జీబీ గేమ్ దించాలంటే 30 ఎంబీపీఎస్ నెట్ మీద ఏడు గంటలు దాటుతుంది. మీ నెట్ ప్లాన్ ఒకసారి చూసుకోండి.

రాత్రిళ్లు ఫ్రెండ్స్‌తో ఆన్‌లైన్‌లో ఆడేవాళ్లు నా మాట కంటే ముందు ఆ ఫ్రెండ్స్ దగ్గర ఏ కన్సోల్ ఉందో కనుక్కోండి. ఫోర్ట్‌నైట్, కాల్ ఆఫ్ డ్యూటీ లాంటివాటిలో వేరే కన్సోల్ వాళ్లతో కలిసి ఆడొచ్చు, కానీ అన్ని గేమ్స్‌కీ ఆ వీలు లేదు. పీఎస్5లో డబ్బు పెట్టి కొన్న గేమ్స్‌ను ఆన్‌లైన్‌లో ఆడాలంటే పీఎస్ ప్లస్ అనే చందా కూడా కట్టాలి.

నాకు చెల్లెలి పిల్లలు ఇద్దరు. ఎనిమిదేళ్లు, పదకొండేళ్లు. వాళ్ల ఇంట్లోనూ ఒకటే టీవీ. వచ్చే నెల పుట్టినరోజుకి వాళ్లకి ఓలెడ్ స్విచ్, ఇంకో జత జాయ్‌కాన్‌లు కొంటున్నాను. పీఎస్5 మాత్రం నా దగ్గరే ఉంటుంది, డిస్కుల అలమారాతో సహా.