పీడీఎఫ్ పంపితే సరిపోతుందా? హార్లిక్స్ సీసాలో కందిపప్పు కథ

చూపులేని పిల్లలకి పుస్తకాలు ఎలా అందుతున్నాయి అని ఎవరినడిగినా ఒకటే జవాబు. "పీడీఎఫ్ వాట్సాప్‌లో పెట్టేశాం కదండీ, ఫోనే చదివేస్తుంది." ఇది విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఫోన్ చదువుతుంది, నిజమే. ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్ ఉంది, కంప్యూటర్‌కి ఎన్‌వీడీఏ ఉంది, రెండూ తెర మీది అక్షరాల్ని పైకి చదివే స్క్రీన్ రీడర్లే, రెండూ ఫ్రీ, రెండింటితోనూ తెలుగు వినొచ్చు. మరి తేడా ఎక్కడ కొడుతోంది?

మన వంటింట్లో హార్లిక్స్ సీసాలో కందిపప్పు పోసుకుంటాం కదా. స్టిక్కర్ హార్లిక్స్‌ది, కానీ గాజులోంచి పప్పు కనబడుతుంది కాబట్టి మనం తికమకపడం. స్క్రీన్ రీడర్‌కి గాజు లోపల ఏముందో కనబడదు, అది చదివేది స్టిక్కర్ ఒక్కటే. డీటీపీ సెంటర్లలో వాడే పాత అను ఫాంట్లతో కొట్టిన నోట్సు, గైడ్లు అచ్చం ఇలాంటి సీసాలే: కంటికి తెలుగు, కంప్యూటర్ దగ్గరున్న స్టిక్కర్ మీద ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. మీకు "కిరణజన్య సంయోగక్రియ" కనిపిస్తుంటే, ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్న పిల్లకి "బ్యాక్‌స్లాష్, టీ, డాలర్" లాంటి గోల వినిపిస్తుంది. ఇక పాఠం ఏం ఎక్కుతుంది?

యూనికోడ్ అంటే ప్రతి భాష అక్షరాలకీ వాటి సొంత నంబర్లు ఇచ్చే పద్ధతి, పప్పు సీసా మీద పప్పు అని రాయడం, అంతే. తెలుగుకి ఆ స్టిక్కర్ 1991లో, యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే వచ్చేసింది. డీటీపీ వాళ్లని నేను తిట్టను, వాళ్ల చేతికి అలవాటైన పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌కి యూనికోడ్ తెలీదు. ఈ రోజుకీ అలాంటి ఫైళ్లే పంపి చేతులు దులుపుకునే వాళ్ల మీదే నా కోపం.

స్కాన్ చేసిన పీడీఎఫ్ అయితే మరీ ఘోరం, అది సీసా కూడా కాదు, సీసా ఫొటో. ఫొటోలోంచి అక్షరాలు గుర్తుపట్టే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్‌తో వాటిని లాగొచ్చు గానీ అది ఒత్తుల దగ్గర తడబడుతుంది, ఎవరో ఒకరు కూర్చుని దిద్దాల్సిందే.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం వాళ్లకి ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు, ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం ఇచ్చింది. బాగుంది. కానీ పోటీ పరీక్షల మెటీరియలంతా హార్లిక్స్ సీసాల్లోనే ఉంటే ఆ సీటు దాకా, ఆ ఉద్యోగం దాకా వచ్చేదెవరు?

టైం అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. కాపీరైట్ టెన్షన్ వద్దు, చదవలేని వాళ్ల కోసం పుస్తకాన్ని వేరే రూపంలోకి మార్చుకునే వీలు 2012 సవరణతోనే వచ్చింది, ఇదే పని కోసం 2013లో కుదిరిన మర్రకేష్ ఒప్పందాన్ని 2014లో అందరికంటే ముందు ఆమోదించిన దేశం కూడా మనదే. పాత అను ఫైలు ఉంటే యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లున్నాయి. సుగమ్య పుస్తకాలయ అని ఆన్‌లైన్ లైబ్రరీ ఉంది, వెతకండి. బొమ్మల కింద రెండు లైన్ల వివరణ రాయండి. లెక్కల సంగతి పెద్ద కథ, ఇంకో వీడియో.

టీచర్లూ, కోచింగ్ సార్లూ, ఏ పీడీఎఫ్ అయినా గ్రూపులో పెట్టే ముందు అందులో ఒక లైను కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. చక్కటి తెలుగు వస్తే పంపండి, పిచ్చి గీతలొస్తే ఆ డీటీపీ ఆయనకి ఫోన్ కొట్టి యూనికోడ్ ఫైలు అడగండి.