మొదటి రెండు వారాలు
(బడులు తెరిచే ముందు ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

ఇంకో వారంలో బడులు తెరుస్తారు. కొత్త క్లాసు, కొత్త మొహాలు. కానీ ఆ మొహాలు చూడకముందే వాళ్ళ గురించి మన చెవిన బోలెడు మాటలు పడి ఉంటాయి. పోయినేడాది క్లాస్ టీచర్ స్టాఫ్ రూంలో చెబుతారు కదా: "ఈ అమ్మాయి చురుకు. వీడు అల్లరి. వీడి సంగతి మాత్రం అడక్కండి సార్, వీళ్ళన్న కూడా నా దగ్గరే చదివాడు." ఆ పిల్లవాడు ఇంకా మన క్లాసు గుమ్మం తొక్కనేలేదు. వాడికెన్ని మార్కులొస్తాయో మాత్రం మనం అప్పుడే లెక్క కట్టేశాం. ఆ లెక్క వాడి చదువుని ఏం చేస్తుందన్నదే ఇవాళ నేను మాట్లాడాలనుకున్నది.

1960ల మొదట్లో అమెరికాలో రాబర్ట్ రోసెంథాల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన విద్యార్థులకు ఎలకల్ని పంచాడు. అన్నీ మామూలు ఎలకలే. కొందరితో "ఇవి తెలివైన జాతి" అనీ, మిగతావాళ్ళతో "ఇవి మొద్దు జాతి" అనీ చెప్పాడు. తెలివైనవని పేరు పెట్టినవి చిక్కుదారిలో నిజంగానే బాగా నేర్చుకున్నాయి. తెలివైనవి అనుకున్న వాటిని విద్యార్థులు ఎక్కువసార్లు చేతిలోకి తీసుకున్నారు, మెల్లగా పట్టుకున్నారు. ఎలకలకే ఇలా జరిగితే బడిపిల్లల మాటేమిటని రోసెంథాల్ ఒక వ్యాసంలో అడిగాడు. దక్షిణ శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్రాథమిక పాఠశాల ప్రిన్సిపాల్‌గా ఉన్న లెనోర్ జాకబ్సన్ అది చదివి ఆయనకు ఉత్తరం రాసింది. ఆ పరిశోధన అలా మొదలైంది. ఒక బడి పంతులమ్మ చొరవ లేకపోతే అది ఎలకల దగ్గరే ఆగిపోయేదేమో. ఈ సంగతి ఎవరూ పెద్దగా చెప్పుకోరు.

1964లో ఆ బళ్ళో పిల్లలకు తెలివి కొలిచే (ఐక్యూ) పరీక్ష ఒకటి పెట్టారు. తర్వాత ఒక్కో టీచరుకి కొన్ని పేర్లు ఇచ్చి, ఈ ఏడాది వీళ్ళు బాగా పుంజుకుంటారని పరీక్షలో తేలిందన్నారు. తేలిందీ లేదు, ఏమీ లేదు. చీటీలు తీసినట్టు ఎంచిన పేర్లవి, సుమారు ఐదోవంతు మంది పిల్లలు. చదువు సంవత్సరం చివర మళ్ళీ పరీక్షిస్తే, 1వ తరగతిలో జాబితాలో ఉన్న పిల్లల ఐక్యూ సగటున 27 పాయింట్లు పెరిగింది, మిగతావాళ్ళది 12. 2వ తరగతిలో 16, 7. ఈ ఫలితాలతో 1968లో పుస్తకం వచ్చింది.

వ్యక్తిత్వ వికాసం క్లాసులు చెప్పేవాళ్ళు ఈ కథని సరిగ్గా ఇక్కడ ఆపేసి చప్పట్లు కొట్టిస్తారు. మీరు నమ్మితే చాలు, ప్రతివాడూ కలెక్టర్ అవుతాడని చెప్పి కవరు తీసుకుని వెళ్ళిపోతారు. మిగతాది కూడా వినాలి. ఆ బళ్ళోనే పై తరగతుల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అంత చిన్నపిల్లలకు ఆ పరీక్షే నమ్మదగింది కాదని రాబర్ట్ థార్న్‌డైక్ అనే పేరున్న నిపుణుడు 1968లోనే దులిపేశాడు. తర్వాత చేసిన ప్రయోగాల్లో కొన్నిట్లో ప్రభావం కనబడింది, కొన్నిట్లో లేదు.

ఎందుకలా? దీనికి నాకు నచ్చిన జవాబు స్టీఫెన్ రాడెన్‌బుష్ 1984లో ఇచ్చాడు. ఆయన 18 ప్రయోగాలను పక్కపక్కన పెట్టి, పిల్లల గురించి ఆ "సమాచారం" అందేనాటికి టీచరుకి వాళ్ళతో ఎన్నాళ్ళ పరిచయం ఉందో చూశాడు. రెండు వారాలు దాటి తెలిసిన పిల్లలైతే ఎవరేం చెప్పినా దాదాపు ఏమీ మారలేదు. టీచరు తన కళ్ళతో చూసిందే నమ్మింది. అసలు పరిచయం లేనప్పుడే చెప్పుడు మాట పనిచేసింది. అంటే మనకి జూన్ నెల.

సరే, మన మనసులో ఉన్నది పిల్లవాడి బుర్రలోకి ఎలా వెళ్తుంది? ఒక 7వ తరగతి గదిలో లెక్కల పీరియడ్ అనుకోండి. "మూడింట రెండు వంతులు పెద్దదా, నాలుగింట మూడు వంతులు పెద్దదా?" చురుకని పేరున్న అమ్మాయిని లేపారు. ఆమె బోర్డు వైపు చూస్తోంది. మనం ఆగుతాం. "ఆలోచించమ్మా, హారాలు సమానం చేస్తే?" అంటూ సగం జవాబు మనమే అందిస్తాం. ఆమె చెప్పేస్తుంది. మొద్దు అని పేరుపడ్డవాణ్ణి లేపారు. వాడూ బోర్డు వైపే చూస్తున్నాడు. "రాదా? కూర్చో. పక్కవాడు చెప్పు." కసురుకోలేదు, తిట్టలేదు. పైగా నలుగురిలో వాడి పరువు పోకుండా కాపాడాం అనుకుంటాం. వాడికి మాత్రం సంగతి అర్థమైపోయింది: నా నుంచి జవాబు వస్తుందని ఎవరూ ఎదురుచూడటం లేదు.

అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు క్లాసుల టేపులు పెట్టుకుని సరిగ్గా ఈ మౌనాన్నే కొలిచింది. ప్రశ్న అడిగాక టీచర్లు ఆగేది సగటున ఒక్క సెకను. బాగా చదివే పిల్లల దగ్గర దాదాపు రెండు సెకన్లు, వెనకబడ్డవాళ్ళ దగ్గర సెకను కూడా లేదు. ఎక్కువ టైం ఎవరికి కావాలో వాళ్ళకే తక్కువ ఇస్తున్నాం! మూడు సెకన్లు ఆగడం నేర్పిస్తే జవాబులు పొడవయ్యాయి, నోరు మెదపని పిల్లలు మాట్లాడటం మొదలుపెట్టారు. అంచనా అంటే నేను ఇలాంటి వాటినే అంటాను. ఎవరిని లేపుతున్నాం, ఎంతసేపు ఆగుతున్నాం, ఎవరి నోట్సులో తప్పు పక్కన రెండు ముక్కలు రాస్తున్నాం, ఎవరి దాంట్లో ఊరికే ఇంటూ కొడుతున్నాం.

కులం మాట ఎత్తకుండా మన దేశంలో ఈ విషయం మాట్లాడితే అది సగం మాటే అవుతుంది. 2003లో కార్లా హాఫ్, ప్రియాంకా పాండే ఉత్తరప్రదేశ్ పల్లెల్లో 6, 7 తరగతుల మగపిల్లలకు కాగితం మీద చిక్కుదారులు ఇచ్చి, విప్పినదానికి డబ్బులిస్తామన్నారు. ఎవరిది ఏ కులమో బయటపెట్టనప్పుడు అగ్రకులాల పిల్లలకీ, కింది కులాల పిల్లలకీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పనికి ముందు ఒక్కొక్కరి పేరుతో పాటు కులం కూడా అందరి ముందూ పైకి చదివిన గుంపుల్లో కింది కులాల పిల్లలు బాగా వెనకబడ్డారు. రెండుచోట్లా అలాంటి పిల్లలే, అలాంటి తెలివే. తేడా అల్లా ఆ చదవడమే. స్కాలర్‌షిప్ ఫారాల కోసం "ఎస్సీలు ఎవరో నిలబడండి" అని క్లాసు మధ్యలో అంటున్నామా లేదా? పనిలో పని అనుకుంటాం. ఆ పీరియడ్‌లో తర్వాత వాళ్ళకి ఏం చెప్పినా ఎక్కుతుందా అని ఎప్పుడైనా చూశామా? ఆఫీసు రూంలో ఒక్కొక్కరినీ పిలిచి రాయించుకోవడానికి మనకేం అడ్డం?

మాలావత్ పూర్ణ గురించి మీకు చెప్పక్కర్లేదు. నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుంది. 2014 మే 25న పదమూడేళ్ళ వయసులో ఎవరెస్ట్ ఎక్కింది, ఖమ్మం జిల్లా అబ్బాయి ఆనంద్ కుమార్‌తో కలిసి. "వాళ్ళ మీద నమ్మకం పెట్టుకున్నారు, వాళ్ళు సాధించారు" అని ఫ్లెక్సీలు వేస్తారు. నమ్మకం ఒక్కటే అయితే బేస్ క్యాంపు కూడా దాటేవాళ్ళు కాదు. భువనగిరి గుట్ట మీద శిక్షణ ఇప్పించారు, డార్జిలింగ్ పంపారు, లదాఖ్ చలిలో అలవాటు చేశారు. బూట్లు, తిండి, కోచ్, పర్మిషన్లు అన్నీ ఎవరో ఒకరు దగ్గరుండి చూశారు. ఈ పిల్లలు ఎక్కగలరని నిజంగా అనుకున్న మనుషులు వాళ్ళ మీద డబ్బూ టైమూ పెట్టారు.

అదేమీ పెట్టకుండా ఊరికే ఆశించేవాళ్ళూ ఉన్నారు. ఇంటర్ పిల్లల అమ్మానాన్నల్లో చాలామంది అంతే. భిన్నాలే రాని పిల్లవాడి నుంచి ర్యాంకు కావాలంటారు. ఆ భిన్నాలు వాడితో ఎవరు కూర్చుని చేయిస్తారంటే జవాబుండదు. ఆ టెన్షన్‌ని కూడా "మా వాడి మీద మాకున్న నమ్మకం" అనే అంటారు. వాడు నిద్రపోక ఎన్నాళ్ళయిందో హాస్టల్ వార్డెన్‌ని అడగాలి.

మనం ఈ జూన్‌లో చేయగలిగింది చిన్నదే. రెండు వారాలపాటు పాత టీచర్ల మాటలు వినొద్దు. ఎవరైనా మొదలుపెడితే "జులైలో చెప్పండి మేడం" అని నవ్వుతూ ఆపేయండి. మీరే ఒక చిన్న పరీక్ష పెట్టి చూసుకోండి. వెనకబడ్డవాడు నిజంగానే వెనకబడి ఉండొచ్చు, కాదని నటించక్కర్లేదు. ఎక్కడ ఆగిపోయాడో మీ అంతట మీరు కనుక్కుంటే చాలు. ఇంకోటి, హాజరు పట్టీ జిరాక్స్ ఒకటి బల్ల మీద పెట్టుకోండి. ఎవరిని ప్రశ్న అడిగితే వాళ్ళ పేరు పక్కన ఒక గీత. శనివారం చూసుకోండి. నలభైమంది క్లాసులో ఏడెనిమిది పేర్ల పక్కనే గీతలన్నీ గుట్టపడి ఉంటే, సోమవారం ఎవరిని లేపాలో మీకే తెలుస్తుంది.

ఇక మీరు అడగండి. జవాబు చెప్పడానికి నాక్కూడా ఆ మూడు సెకన్లు ఇవ్వండి.